గడ్డకట్టిన నేల, రాడార్ చదువు: నెల్లూరు విద్యార్థికి ఉన్న దారి

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ కక్ష్యలోకి చేర్చిన ఇస్రో, నాసాల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ 12 రోజులకోసారి అదే దారిన తిరిగివస్తుంది కనుక, నెల్లూరు జిల్లా సంగం ఆయకట్టులోని వరిమళ్లనూ, అలాస్కా, సైబీరియాల మంచునేలనూ ఒకే రాడార్‌తో కొలిచే వీలు కలిగింది.

కనీసం రెండేళ్లపాటు వరుసగా సున్నా డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. దాని పైన వేసవిలో కరిగి, శీతాకాలంలో మళ్లీ గడ్డకట్టే పలుచని పొరను క్రియాశీల పొర అంటారు. నేలలోపలి మంచును ఉపగ్రహం నేరుగా చూడలేదు. అయితే మంచు కరిగితే నేల కుంగుతుంది, నీరు గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి, ఒకే చోటును వేర్వేరు తేదీల్లో తీసిన రెండు రాడార్ చిత్రాల తరంగదశలను పోల్చి ఆ కదలికను లెక్కగడతారు. ఈ పద్ధతి పేరు ఇన్‌సార్. నైసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. అందువల్ల ఆ పోలికతో వచ్చే చిత్రంలో ఒక రంగుల వలయం పూర్తయిందంటే, ఉపగ్రహం చూపు దిశలో నేల సుమారు 12 సెంటీమీటర్లు జరిగిందని అర్థం. తుప్పలను దాటి నేలను చేరడంలో పొట్టి తరంగాల కన్నా ఎల్-బ్యాండ్ తరంగం మేలు.

రాడార్‌తో నేల కదలికను కొలిచే ఈ రంగానికి భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, సివిల్ ఇంజినీరింగ్ చదివినవారు సరిపోతారు. డెహ్రాడూన్‌లోని భారతీయ దూర సంవేదన సంస్థలో చేసే ఎం.టెక్‌కు పట్టా ఇచ్చేది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం శిక్షణ ఇస్తుంది. ధ్రువ పరిశోధనకు గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం పెద్దదిక్కు, ఆర్కిటిక్‌లో 2008 నుంచి ఉన్న హిమాద్రి కేంద్రం దాని నిర్వహణలోనిదే. మూడు నెలల్లో జీఐఎస్ నేర్పుతామనే ప్రకటనలు వీధికొకటి కనిపిస్తాయి గానీ, పటానికి రంగులద్దడం వేరు, తరంగదశలో వాతావరణ తేమ తెచ్చిన దోషాన్ని వేరుచేయడం వేరు. రెండోదానికి గణితం, పైథాన్ తప్పవు. సాధనకు సెంటినెల్-1 ఉపగ్రహం తీసిన రాడార్ చిత్రాలు, వాటిని విశ్లేషించే స్నాప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతాయి.

మన దేశంలో కేవలం పర్మాఫ్రాస్ట్ మీద ఆధారపడిన ఉద్యోగాలు తక్కువ. గనుల ప్రాంతాల్లో నేల కుంగుబాటు, కొండచరియల కదలిక, వరద ముంపు అంచనాలకు కావలసింది కూడా ఈ రాడార్ విద్యే కాబట్టి, విద్యార్థులు ఆర్కిటిక్‌ను పరిశోధనాంశంగా, ఇన్‌సార్‌ను వృత్తిగా ఎంచుకోవడం మంచిది.