మగ్గపు ఇంట ఉల్లాసము, ఉత్పత్తి



పనిచేయు చోట ఉల్లాస ముండవలెనని చెప్పినచో, "కూలి గిట్టిన ఉల్లాసము దానంతట అదే వచ్చును" అని మనవారందురు. అది నిజమే. కాని కూలి గిట్టకుండుటకు గల కారణములలో కొన్ని మన మగ్గపు ఇంటిలోనే యున్నవి. వెంగల్ పరిసరముల పిల్లలు శ్రీపెరుంబుదూరు, గుమ్మిడిపూండి వైపు ఫ్యాక్టరీలకు పోవుచున్నారు. వారు పోవునది జీతమునకు మాత్రమే కాదు. వెలుతురు, గాలి, పనికొక వేళ, వారమున కొక సెలవు, ఇవియు వారిని లాగుచున్నవి. వీనిలో మన ఇంట అమర్చుకొనదగినవి ఏవో ఈ పాఠములో చూతము.

1. నొప్పిని తగ్గించుట: నొప్పిని ఓర్చుకొనుటయే పనితన మని మనలో చాలమంది భావింతురు. తెలంగాణములోని ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు అట్లు భావింపలేదు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయునపుడు ఒక్కొక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడింపవలెను. దానికి నాలుగైదు గంటలు పట్టెడిది. తల్లి లక్ష్మి గారి భుజముల నొప్పి చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన ఆయన 1992లో ప్రయత్న మారంభించి, 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచిరి. చీరకు గంటన్నర చాలినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నొప్పి తగ్గించుటకు చేసిన పని ఉత్పత్తిని గూడ పెంచినది. ఈ సంగతి మనము గుర్తింపవలెను.

2. వెలుతురు, గుంట: పడుగులో తెగిన పోగును మసక వెలుతురులో వెదకుటకు కన్నును, కాలమును రెండును ఖర్చగును. దీపము నేత నేయువాని నీడ బట్టపై పడకుండ, ప్రక్కగా, కొంచెము ఎత్తున నుండవలెను. తమిళనాడులో చేనేతవారికి రెండు నెలలకు ఉచితముగా నిచ్చు విద్యుత్తును 2023లో 200 యూనిట్ల నుండి 300 యూనిట్లకు పెంచిరి. కావున మంచి దీపమునకు, ఒక ఫ్యానునకు వెనుదీయ నక్కరలేదు. గుంటలోని తేమ నూలు తెగకుండ కాపాడును. కాని ఆశ్వయుజ, కార్తిక మాసముల వానలలో నీరు ఊరినచో మగ్గము నిలిచిపోవును, కీళ్లు పట్టును. గుంట అంచు ఎత్తు చేసి, వాననీరు ఇంటికి దూరముగా పోవునట్లు కాలువ తీయవలెను. కూర్చుండు పలక ఎత్తు, తొక్కుడు చెక్కల దూరము నేయువారి కాళ్ల పొడవునకు సరిపోవలెను. తండ్రికి కుదిరిన మగ్గము కోడలికి కుదురదు.

3. ఎదురుచూపు: దినమునకు 12 మారులు, మారు కొక 5 నిముషములు కండెల కొరకో, తెగిన పోగు కొరకో మగ్గము నిలిచినచో ఒక గంట పోయినట్లే. నెలకు 25 పనిదినములైన, 25 గంటలు. ఎనిమిది గంటల పనిదినములు మూడు పోయినవి! బట్టకు ఇంత యని కూలి పొందు మనకు ఆ మూడు దినముల కూలి లేదు. నాడె పట్టుటకు ముందే పూటకు చాలు కండెలు చుట్టి యుంచుట మొదటి నివారణ.

4. ఇంటివారి పాలు: 2019-20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా పనివారు తేలిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. కండెలు చుట్టునది, గంజి పెట్టునది, అతుకులు వేయునది అనేక ఇండ్లలో వారే. కూలి వచ్చిన దినమున వారి పని ఎవరి లెక్కలోను చేరదు. లెక్కలో లేని పనిలో ఉల్లాస మెట్లు కలుగును? కూలి డబ్బు వచ్చిన నాడు ఎవరి పాలు ఎంతయో ఇంటిల్లిపాది ఎదుట చెప్పి, వారి చేతికే ఇయ్యవలెను. ఇల్లాలి సలహా అడుగక కొత్త రకము నేయుటకు ఒప్పుకొనరాదు. వారమున కొక దినము రాట్నము గూడ విశ్రాంతి పొందవలెను.

చేయవలసిన అభ్యాసము: మగ్గము ప్రక్క గోడకు ఒక కాగిత మంటించుడు. ఒక వారము పాటు మగ్గము నిలిచినప్పుడెల్ల కారణము క్రింద ఒక గీత గీయుడు: పోగు తెగుట, కండెలు లేకుండుట, వెలుతురు చాలకుండుట, నొప్పి, సంఘము నుండి నూలు రాకుండుట. చదువుకొను పిల్లలు ఈ లెక్కను చక్కగా వ్రాయగలరు. ఎక్కువ గీతలున్న కారణమును ముందు తొలగించుడు.

చివరి కారణము మీ చేతిలో లేదు. నూలు వేళకు అందించుట సంఘముల విధి. కావున ఆ కాగితమును తదుపరి సభకు తెండు. "నూలు ఆలస్యమగుచున్నది" అను ఫిర్యాదు కంటె "ఈ నెలలో ఇన్ని గంటలు ఆలస్యమైనది" అను లెక్కకు కార్యవర్గము సమాధానము చెప్పక తప్పదు.