పిల్ల కుడిచాకే చెంబు

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు మేకను పాల కోసమే కొనేవాళ్లు అరుదు. సంతలో పైసలొచ్చేది పిల్ల మీదే. అయినా చాయ్‌కి సరిపడా పాలిచ్చే మేక మందలో ఒకటో రెండో ఉంటుంది. దాన్ని పిండొచ్చు, పిల్ల ఎదుగుదల తగ్గనంతవరకే.

ఈనిన గంటలోపు ముర్రుపాలు పిల్ల కడుపులో పడాలి. ముందు పొదుగు గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఒక్కో చన్ను నుంచి రెండు ధారలు తీసేయండి. మొనలో అడ్డం ఉంటే పోతుంది. 2 కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం 200 మిల్లీలీటర్లయినా అందాలి. తొలిచూలు మేక పిల్లను తన్నేస్తుంటే గుంజకు కట్టి, వెనుక కాలు పట్టుకుని కుడిపించండి. జున్ను తినాలనిపిస్తే బర్రె ఈనేదాకా ఆగండి.

మొదటి మూడు వారాలు పాలన్నీ పిల్లవే. తల్లి మేతకు పోయాక పిల్లల మీద గంప బోర్లించేవాళ్లు దాన్ని నీడలో పెట్టాలి. రెండో వారం నుంచి అవిసె, సుబాబుల్ రెమ్మలు నోటికందే ఎత్తులో వేలాడదీస్తే కొరకడం నేర్చుకుంటాయి.

మూడు వారాలు దాటాక రాత్రిపూట పిల్లలను తడిక అవతల ఉంచి, తెల్లారి పిండాలి. ముందు పిల్లను కాసేపు కుడవనిస్తే తల్లి చేపుతుంది. బొటనవేలు, చూపుడువేలితో చన్ను మొదలు బిగించి, మిగతా వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ముడవాలి. పట్టుకుని కిందికి గుంజితే చన్ను దెబ్బతింటుంది. తొలి ధారలు నల్లగుడ్డ మీద చూడండి. గడ్డలు కనబడినా, పొదుగు ఒకవైపు వేడెక్కినా అది పొదుగువాపు. ఆ పాలు ఇంట్లోకీ వద్దు, పిల్లకూ వద్దు. పశువుల డాక్టర్‌కు చూపించండి. ఒంటి పిల్లయితే ఒక చన్ను మీకు, ఒకటి దానికి. జంటపిల్లలైతే చెంబు మూలకు పెట్టండి. పోతు కట్టేసిన చోట పిండితే పాలకు ఆ కంపు పడుతుంది. కాచకుండా మాత్రం తాగొద్దు, పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ మనిషికి అంటుతుంది.

వారానికోసారి పిల్లను సంచిలో వేసి కాటాకు తగిలించండి. బరువు పెరగలేదా, పిండడం ఆపేయండి. చాయ్‌కి ప్యాకెట్ పాలు దొరుకుతాయి.

మూడు నెలలకు పిల్ల పాలు మాన్పించొచ్చు. తల్లి మళ్లీ చూలుతో ఉంటే ఈనడానికి రెండు నెలల ముందే పిండడం మానాలి. 5 నెలల చూలులో కడుపులో పిల్ల బరువు ఎక్కువగా పెరిగేది ఆ ఆఖరి రెండు నెలల్లోనే.