మొదటి మోటారు సైకిలు – నేర్పుకు తగిన బండి



పిల్లవాడు ఇంటర్మీడియట్ పూర్తిచేయగానే ఇంట్లో బండి మాట మొదలవుతుంది. "ఆ బండే తీసియ్యకుంటే కాలేజీకి పోనంటాండాడు సిస్టరమ్మా" అని తల్లులు మాతో చెప్పుకుంటారు. పెరిగే పిల్లవానికి చొక్కా కాస్త వదులుగా కుట్టిస్తాము. బండిని మాత్రం అలా కొనకూడదు. ఈ రోజు వానికి ఉన్న నేర్పుకు సరిపోయే బండే కొనాలి.

బరువు: హీరో స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. బండి పోతున్నప్పుడు ఈ తేడా తెలియదు. కంకరలో నెమ్మదిగా తిప్పేటప్పుడు బండి ఒరిగితే తెలుస్తుంది. ఆపుకోలేకపోతే అది కాలిమీద పడుతుంది. చీలమండ విరుగుతుంది, సైలెన్సరు తగిలి పిక్క కాలుతుంది.

వేగం: వేగం రెండింతలైతే, బ్రేకు వేసినాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. మైదుకూరు, పోరుమామిళ్ల దారుల్లో రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం, వెనుక లైటు లేని ట్రాక్టరు, అడ్డం వచ్చే గొర్రెల మంద ఎదురైనప్పుడు ప్రాణం నిలిచేది ఆ దూరం మీదనే.

మట్టి ట్రాకుల మీద జరిగే మోటోక్రాస్ పందేలలో కూడా పిల్లలు 50 సి.సి. బండితో మొదలుపెట్టి 65, 85, 125 అని మెట్టుమెట్టుగా ఎక్కుతారు. మన పిల్లలకు మా సలహా ఇది:

1. కొత్తగా నేర్చుకునేవారికి 100 – 110 సి.సి. బండి. గేర్లతో భయమున్నవారికి స్కూటరు.
2. రాత్రిపూట, వానలో, వెనుక మనిషితో ఏడాదిపాటు జాగ్రత్తగా నడిపినవారికి 125 సి.సి.
3. ఆ తరువాతనే 150, అంతకు మించినవి. 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. పాత బండి కొనేవారు అది ఉన్నదో లేదో అడిగి చూసుకోవాలి.

షోరూములో చేయవలసిన పరీక్ష: పిల్లవాడు కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. డబుల్ స్టాండు ఉంటే తానే వేయగలగాలి. ఇంజను ఆపి పది అడుగులు వెనక్కి నెట్టగలగాలి. ఇవి చేతకాకపోతే ఆ బండి ఇప్పుడు వద్దు.

చట్టం: గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు గేర్లు లేని 50 సి.సి. లోపు బండికే అనుమతి. కనుక 110 సి.సి. స్కూటరు కూడా ఆ వయసుకు తగదు. మైనరుకు బండి ఇచ్చి అతడు నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

చిన్న బండి కొన్నందువల్ల మిగిలిన డబ్బుతో ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. విరిగిన ఎముకకు కట్టు కట్టవచ్చును. దెబ్బతిన్న మెదడును ఎప్పటిలా చేయడం ఎవరి చేతిలోనూ లేదు.

ఇంట్లో చర్చించుకొనుటకు ప్రశ్నలు:
1. మనవాడు ఇప్పుడు ఏ మెట్టుమీద ఉన్నాడు?
2. అడుగుతున్న బండిని తానే నిలబెట్టగలడా?
3. లైసెన్సు, హెల్మెట్టు బండి కంటే ముందే ఇంటికి వచ్చినవా?