పాత ఎస్‌యూవీని మార్చాలా? లెక్క ఏం చెబుతోంది?

పన్నెండేళ్లుగా ఇంటిల్లిపాదినీ మోసిన డీజిల్ ఎస్‌యూవీని వదులుకోవడానికి మనసొప్పదు. కొత్తది కొంటే పర్యావరణానికి మేలన్న మాటా వినిపిస్తుంది. ఏది నిజం? లెక్క వేసి చూద్దాం.

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పాత బండి లీటరుకు 12 కిలోమీటర్లు, కొత్తది 16 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే కొత్త బండితో 250 లీటర్ల డీజిల్ మిగులుతుంది. అంటే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్లు.

కానీ కొత్త బండికి కావలసిన ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్‌ల తయారీలోనే టన్నుల కొద్దీ ఈ వాయువు వెలువడుతుంది. అది 8 టన్నులనుకుంటే, ఆ బాకీ తీరడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. ఏడాదికి 36,000 కిలోమీటర్లు తిరిగేవారికైతే నాలుగేళ్లు చాలు.

పొగ సంగతి వేరు. డీజిల్ కార్లు వదిలే సూక్ష్మకణాలకు బీఎస్-4 పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6లో అది 4.5 మాత్రమే. ఈ కణాలు నేరుగా మన వీధిలోని పిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

కాబట్టి తక్కువ తిరిగే, సర్వీసింగ్ సక్రమంగా జరిగే బండిని ఉంచుకోవచ్చు. రోజూ నగర రద్దీలో తిరిగేదైతే మార్చడమే మేలు. అయితే అమ్మిన బండి మరొకరి చేతిలో నడిచినంత కాలం దాని పొగ ఆగదు, ఊరు మారుతుందంతే.