ఎల్లారెడ్డికి పోతున్న బిడ్డకు



ఫిజీ దీవులకు సువార్త సేవకు పోవాలని ఉండె నీకు. ఎల్లారెడ్డి సంఘానికి వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నబుచ్చుకోకు. 1903 నుంచి మద్రాసు రేవులో ఫిజీ చెరకు తోటలకు ఓడెక్కిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు విమానమెక్కుతున్నారు. ఫిజీలో అయితే వలసపోయినోళ్ల మనవలను చూసేవాడివి. ఇక్కడ వాళ్లు విడిచిపోయిన ఇళ్లను చూస్తావు. ఇదే కష్టమైన పని అని నా లెక్క.

ఆ ఇళ్లల్లో చాలాచోట్ల ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళకు పోయి "ప్రార్థన చేసుకుందామా" అంటే మొహమాటానికి కూర్చుంటారు, మనసంతా కట్టల మీదే ఉంటుంది. తీరిక ఎప్పుడో ముందే అడిగి పో. అరుగు మీదే కూర్చో. చుట్టే చెయ్యి ఆగనియ్యకు. భర్త ఊళ్లో లేని ఇంటికి ఒక్కడివే పోవద్దు, మా కోడల్ని వెంట తీసుకపో. ఆయన ఎంత పంపుతున్నాడని అడగకు. వాళ్లు చెప్పుకున్న బాధ ఒక్కటి కూడా ఆదివారం ప్రసంగంలోకి రావద్దు. పేరు తీసేసి చెప్పినా ఊరంతా పోల్చుకుంటుంది.

గల్ఫ్‌లో ఎవరైనా పోయారని కబురొస్తే, వాక్యం తెరవకముందు పాస్‌పోర్టు నకలు ఎక్కడుందో అడుగు. అక్కడి మరణ ధ్రువపత్రం, మన ఎంబసీ అనుమతి లేకుండా శవపెట్టె శంషాబాద్ విమానాశ్రయంలో దిగదు. ఒక్కోసారి వారాలు పడుతుంది. అర్జీలు రాయడం, ఫోన్లు చేయడం, ఏ కబురూ లేని రోజు కూడా ఆ ఇంటికి పోయి కూర్చోవడం, అదంతా సేవే. బైబిల్ కళాశాలలో నీకు ఇది చెప్పి ఉండరు.

ఆ ఇల్లు మన సంఘంలోది కాకపోతే? అయినా పో. పక్కన డిచ్‌పల్లిలో 1915లో మిషనరీ కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి మొదలుపెడితే, పెద్ద మొత్తం ఇచ్చింది నిజామాబాద్ రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మెదక్ చర్చి కథా అంతే. 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని మిషనరీ పోస్నెట్ దొర కరువులో జనానికి పని చూపించడానికి కట్టించాడు. కూలి కోసం రాళ్లు మోసినవాళ్లందరూ మనవాళ్లేనా? సాయానికి బాప్తిస్మం ముడిపెట్టేవాళ్లను నేను సేవకులనను, ఎవరేమనుకున్నా సరే.

తండాలకు పోయినప్పుడు ముందు పెద్దమనుషులను కలువు. లంబాడీ మాటలు నాలుగైనా నేర్చుకో. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. జొన్నరొట్టె పెడితే తిను, కడుపు నిండిందని చెప్పకు.

పైసల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. కానుక పెట్టె ఒక్కడివే తెరవకు. ఇద్దరు సంఘ పెద్దల ముందు లెక్కపెట్టి, అదే రోజు పుస్తకంలో ఎక్కించి, వాళ్ల సంతకాలు తీసుకో. రేపు రాద్దామన్న సేవకుల మీదే నిందలు పడ్డాయి, వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు.

కోత పండుగకు నేనూ, మీ పెద్దమ్మా వస్తాం. ఎల్లారెడ్డికి రైలు లేదు గదా, కామారెడ్డిలో దిగి బస్సెక్కుతాం, బండి పంపకు. కానుకల పుస్తకం తీసిపెట్టు, చూస్తాను.

మీ పెద్దనాయన