ఆ పదునెనిమిదిమంది

సండేస్కూలు ఉపాధ్యాయులకును తలిదండ్రులకును

పఠనీయ భాగములు: లూకా 13:1–5, యోహాను 13:1–17, 1 కొరింథీయులకు 1:26–29

సిలోయములో ఒక గోపురము కూలి పదునెనిమిదిమంది మరణించిన సంగతి లూకా సువార్తలో తప్ప సువార్తలలో మరెక్కడను కనబడదు. వారు కట్టడపు పనివారో, దారిన పోవువారో, నీళ్లకు వచ్చిన స్త్రీలో తెలియదు. పేరొకటియు మిగులలేదు, లెక్క మాత్రము మిగిలినది. ఆ చచ్చినవారు లోపల ఏదో ఘోరము చేసియుందురని యెరూషలేము జనులు తమలో తాము అనుకొనిరని ప్రభువు వేసిన ప్రశ్ననుబట్టి గ్రహింపవచ్చును. ఆయన ఆ తలంపును త్రోసివేసెను. చనిపోయినవారు పట్టణమున బ్రదికియున్న ఎవరికంటెను చెడ్డవారు కారనెను. అంతటితో ఊరకుండక, మారుమనస్సు వినుచున్నవారికే అక్కరయని హెచ్చరించెను. చనిపోయినవారి విలువయు బ్రదికియున్నవారి వినయమును ఆ ఒక్క జవాబులోనే యున్నవి. పిల్లలకు ఈ రెంటిని రెండు వేరు పాఠములుగా చెప్పుటయే అనేక తరగతులలో జరుగుచున్న పొరపాటు.

ఈ భాగమును దిల్లీలోని లక్ష్మీ నగర్‌లో బోధించువారు గోపురమును వెదకుచు సిలోయము దాక పోనక్కరలేదు. యమునకు తూర్పున, వికాస్ మార్గ్ ప్రక్కన, ఇరుకు సందులలో నాలుగైదు అంతస్తుల ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియున్న పేట అది. 2010 నవంబరు 15 సాయంకాలము అక్కడి లలితా పార్కులో అయిదంతస్తుల భవనమొకటి కూలెను. అరువదిమందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది బీహారు, పశ్చిమ బెంగాలు ప్రాంతములనుండి పనికై వచ్చి, చిన్న చిన్న అద్దె గదులలో తలదాచుకొన్న కూలి కుటుంబములవారు. ఆ యేట యమున పొంగి నేలమాళిగలో నీరు నిలిచెననియు, అనుమతి లేకయే పై అంతస్తులు లేపిరనియు నాటి వార్తలు తెలిపెను. అంతకు నెల దినముల క్రిందటనే, అక్టోబరు 14న, అదే నగరమున కామన్వెల్త్ క్రీడలు వైభవముగా ముగిసియుండెను. క్రీడాకారులకై కట్టిన మేడలు ఆ పేటకు దగ్గరలోనే యమునా తీరమున నేటికిని నిలిచియున్నవి.

ఇట్టి సంగతి జరిగినప్పుడెల్ల, అటువంటి ఇంట అంతమంది ఎందుకు చేరిరి అను ప్రశ్న పుట్టును. అడుగువాని స్వరములో జాలి యుండవచ్చును గాని, ఆ ప్రశ్న సిలోయము నాటి ప్రశ్నకు తోబుట్టువే. చచ్చినవానిలోనే లోపము వెదకినయెడల బ్రదికినవానికి ధైర్యముగా నుండును. తన ఇల్లు కూలదు, తాను అట్టివాడు కాడు! ప్రభువు కూల్చినది ఈ ధైర్యమునే. పిల్లలు ఈ సంగతిని పెద్దలకంటె త్వరగా గ్రహింతురు, ఏలయనగా పెద్దలు ఎవరిని గూర్చి ఎట్టి స్వరముతో మాటలాడుదురో వారు ప్రతిదినము వినుచునే యున్నారు.

ఆ పేటలో పెరుగు తెలుగు బిడ్డ స్థితి ఎట్టిదో ఆలోచింపవలెను. నది కావలివారు ఆ ప్రాంతమును ‘జమునా పార్’ అని కొంత చులకనగా పిలుచుట కలదు. బడిలో తోటివారు ఆ బిడ్డను ‘మద్రాసీ’ అందురు. వాని ఊరు రాజమండ్రియైనను ఖమ్మమైనను వారికి ఒక్కటే. సాయంకాలము ఇల్లు చేరి, అదే బిడ్డ కూరగాయల బండివానిని ‘బిహారీ’ అని తిట్టుమాటగా పిలుచును. ఉదయమున తనకు తగిలిన రాయినే సాయంకాలము మరియొకనిపై విసరుచున్నాడని వానికి తోచదు. ఆదివారమునాడు తెలుగు ఆరాధనలో మరియొక వింత జరుగును. దిల్లీలో పుట్టినవాడు తెలుగు బైబిలు చదువలేక తడబడగా, ఆంధ్రనుండి క్రొత్తగా వచ్చినవాడు నవ్వును. గుడి బయట హిందీ రాక ఆ నవ్వినవాడు తడబడగా, మొదటివాడు నవ్వును. ఈ పాఠమునకు వేరే కథ అక్కరలేదు, తరగతిలోనే కలదు. ఉపాధ్యాయుడు చూచి గద్దించి విడిచిపెట్టకుండిన చాలును.

అయితే ఒక జాగ్రత్త అవసరము. వినయమును గూర్చి బోధించువారు సాధారణముగా, తగ్గియుండుడి, అణగియుండుడి, ఎదురు చెప్పకుడి అని ఆరంభింతురు. తెలుగు క్రైస్తవులలో అనేకుల పూర్వికులు ఊరి వీధిలో నడువవలెనన్న చెప్పులు చేతపట్టుకొని నడచినవారు. వారు వంగినది వినయము వలన కాదు, భయము వలన. దానిని వినయమని పొగడినవారు దానివలన లాభపడినవారే. అట్టి ఇంటి మనుమనితో మొదటి మాటగా ‘తగ్గియుండుము’ అని చెప్పుట సువార్త కానేరదు.

ఆ ఇండ్ల చరిత్రలో ఒక ఘట్టమును పిల్లలకు తప్పక చెప్పవలెను. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. ఆ యేటనే తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వర్తకుడు, మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. అదే నెలలో పేరయ్య ఊరివైపున ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. ఇట్లుండగా ఒంగోలులో ఉన్నత కులముల బాలురకై బడి తెరవబడెను. పట్టణపు పెద్దలు ఆదరించిరి. మాదిగలు కూడ రాగోరినప్పుడు, వారిని చేర్చుకొన్నయెడల మా పిల్లలు రారని ఆ పెద్దలు స్పష్టముగా తెలిపిరి. క్లౌ దొర కలతపడెను. ఆయన ఒక గదిలోను, ఆయన భార్య మరియొక గదిలోను, ఒకరికొకరు చెప్పుకొనకయే బైబిలు తెరవగా, ఇద్దరి యెదుటను కొరింథీయుల మొదటి పత్రికలోని అదే భాగము కనబడెను: లోకము లెక్కలోనికి తీసికొననివారిని దేవుడు ఏర్పరచుకొనెనను మాటలు. మాదిగలను చేర్చుకొనిరి, ఉన్నత కులముల విద్యార్థులు వెళ్లిపోయిరి.

ఈ కథను ‘దేవుని నడిపింపు’ అను శీర్షిక క్రింద చెప్పి ముగించుట కలదు. అంతటితో ఆపకూడదు. సంఘము ఇక్కడ వెల చెల్లించినది. గౌరవనీయులైన విద్యార్థులు, పట్టణపు ఆదరణ, త్వరలో కలుగనున్న మంచిపేరు, అన్నియు పోయినవి. మనుష్యుని విలువను ఒప్పుకొనుటకు ఏమియు ఖర్చు కాదని పిల్లలకు చెప్పుట అబద్ధము. వెనుకటికి, 1876–78 కరవు గడచిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను అందరును చెప్పుకొందురు. ఆనాడు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు అభిషేకము పొందిన ఆరుగురు బోధకులనియు, క్లౌ దొర తాను ఇయ్యలేదనియు చెప్పువారు తక్కువ. పిల్లలకు ముందుగా చెప్పవలసినది అదియే.

యోహాను 13వ అధ్యాయమున మూడవ వచనమును పిల్లలచేత నెమ్మదిగా చదివింపవలెను. చాలమంది దానిని దాటి నాలుగవ వచనములోని తువాలు దగ్గరకు పోవుదురు. తండ్రి సమస్తమును తన చేతికి అప్పగించెననియు, తాను దేవునియొద్దనుండి వచ్చి దేవునియొద్దకే పోవుచున్నాననియు యేసు ఎరిగియుండెను, అటుపిమ్మట లేచెను. తానెవరో ఎరిగినవాడు గనుకనే తువాలు కట్టుకొనగలిగెను. దానివలన ఆయనకు ఏ కొదువయు కలుగలేదు. పాఠము ఈ వరుసలోనే నడువవలెను. దేవుని పోలికలో చేయబడితినని బిడ్డ మొదట నమ్మవలెను. ‘మద్రాసీ’ అన్నను, చదువు రానివాడన్నను ఆ సంగతి మారదని తెలిసికొనవలెను. అప్పుడు వానికి తువాలు అందింపవచ్చును.

రోమను కతోలిక సంఘములో పవిత్ర గురువారమున గురువు పండ్రెండుమంది పాదములు కడుగు ఆచారము కలదు. కతోలిక స్నేహితుల వలన ఆ సంగతి విని, మన గుడిలో ఎందుకు చేయరని పిల్లలు అడుగవచ్చును. పరిహాసము చేయక జవాబు చెప్పవలెను. 2013 మార్చి 28న పోపు ఫ్రాన్సిస్ రోములోని కాసల్ దెల్ మార్మో బాలనేరస్థుల గృహమునకు పోయి అక్కడి పండ్రెండుమంది యువజనుల పాదములు కడిగెను. వారిలో ఇద్దరు బాలికలు, ముస్లిములును ఉండిరి. ఆచారము అట్టి చోటికి నడిచినప్పుడు కన్నులు తెరపించును. ముందే కడుగుకొని వచ్చిన పాదములను కడుగుట మాత్రమే అయినప్పుడు అది నాటకమగును. ఈ ప్రమాదము ప్రొటెస్టెంటులకు లేదని అనుకొనరాదు. క్రిస్మస్ నాటకములో జ్ఞానుల పట్టుబట్టలు ఏ ఇంటి పిల్లలకు వచ్చుచున్నవో, గొఱ్ఱె వేషము ఏ ఇంటి పిల్లవానికి వచ్చుచున్నదో ఒక్క సంవత్సరము గమనించిన తెలియును.

తరగతి ముగియుటకు ముందు పిల్లలను ఒక ప్రశ్న అడుగవచ్చును. మీ భవనపు కాపలావాని పేరేమి? మెట్లు ఊడ్చు స్త్రీ పేరేమి? పాలు తెచ్చువాని పేరేమి? దిల్లీలో వీరిలో మగవారందరును ‘భయ్యా’యే, అనగా అన్న. అన్న అని పిలుచుచు పేరెరుగకుండుట ఎట్టి బంధుత్వమో పిల్లలనే చెప్పనీయవలెను. వచ్చు ఆదివారమునకు ఒక్క పేరు, ఆ మనుష్యుని ఊరు, అతని పిల్లల సంగతి తెలిసికొని రమ్మనవలెను. జాలితో కాదు, ఏదియో ఇచ్చుటకు కాదు. పెద్దవారిని అడుగవలసిన మర్యాదతో, ‘జీ’ చేర్చి అడుగవలెను. ఆ పేర్లను హాజరుపట్టీ తరువాత చదివి, ప్రార్థనలో పేరుపేరున తలంపవలెను. మరచి వచ్చినవానిని గద్దింపనక్కరలేదు. ఆ సాయంకాలము ఇంటికి పోవునప్పుడు కాపలావాడు మెట్ల క్రింద తన బల్లమీద కూర్చుండియే యుండును.