ఊదా గులాబీ: అద్దె ఇంటి కుండీలో పెంపకం, అలంకరణ

తెలుగులో 'గులాబీ' అనే మాట పువ్వుకూ పేరే, ఒక రంగుకూ పేరే. అందువల్ల 'ఊదా గులాబీ' అన్నప్పుడు వినేవారికి క్షణకాలం తడబాటు కలగడం సహజం. రాయలసీమ నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు 'రోజాపువ్వు' అంటాయి కనుక వారికి ఈ చిక్కు లేదు. పేరు ఏదైనా, లాల్‌బాగ్‌లో ఏటా జనవరిలోనూ ఆగస్టులోనూ జరిగే పుష్పప్రదర్శనకు వెళ్లినవారిలో పలువురు లేత వంకాయరంగులో, నిమ్మవాసనను తలపించే తీపి పరిమళంతో ఉన్న ఈ పువ్వు దగ్గర ఆగుతారు. మొక్క కొనుక్కొని ఇంటికి తెచ్చుకుంటారు. రెండు వేసవులు గడిచేసరికి ఆ కుండీలలో చాలావరకు ఎండిపోయి ఉంటాయి, లేదా వేరే రంగు పూలు పూస్తుంటాయి. ఈ రెండింటికీ కారణాలు ఉన్నాయి, రెండూ నివారించదగినవే.

ముందుగా రంగు విషయం. గులాబీ జాతిలో డెల్ఫినిడిన్ అనే నీలి వర్ణద్రవ్యాన్ని తయారుచేసే ఎంజైము లేదు. కనుక ఎన్ని సంకరణాలు చేసినా నిజమైన నీలి గులాబీ పుట్టదు; ఎరుపును ఇచ్చే వర్ణద్రవ్యమే రేకుల్లోని ఇతర పదార్థాలతో కలిసి ఊదాగా కనిపిస్తుంది. జపాన్‌కు చెందిన సంటోరీ సంస్థ జన్యుమార్పిడి ద్వారా నీలి వర్ణకం గల గులాబీని సాధించినట్లు 2004లో ప్రకటించి, 2009లో అమ్మకానికి పెట్టింది. కంటికి అదీ ఊదాగానే తోస్తుంది. పూల అంగళ్లలో కనిపించే ముదురు నీలి గులాబీలు తెల్లపూలకు రంగునీరు పట్టించినవి. ఇంటి తోటకు పనికివచ్చే రకాల్లో ప్రసిద్ధమైనది జర్మనీకి చెందిన టాంటౌ 1964లో వెలువరించిన 'బ్లూ మూన్'. అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ 1957లో అందించిన 'స్టెర్లింగ్ సిల్వర్' దీని వంశంలోనిదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన 'నీలాంబరి' గుత్తులుగా పూసే ఊదా రకం. తెలుగు పల్లెల్లో డిసెంబరు పువ్వును నీలాంబరం అంటారు కాబట్టి, నర్సరీలో అడిగేటప్పుడు గులాబీ అని స్పష్టంగా చెప్పడం మేలు.

ఇటువంటి రంగు తీవ్రమైన ఎండకు నిలవదు. నెల్లూరులోనో అనంతపురంలోనో మధ్యాహ్నపు ఎండ తగిలిన ఊదా గులాబీ ఒక్క పూటలో బూడిదతెలుపుకు తిరుగుతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు చల్లదనం దీనికి అనుకూలం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు విచ్చే పూలకు రంగు చిక్కగా వస్తుంది. అయితే నీడలో పెట్టినా ప్రయోజనం లేదు, మొగ్గ రాదు. తూర్పు ముఖంగా ఐదారు గంటల ఉదయపు ఎండ, మార్చి నుండి మే వరకు మధ్యాహ్నం తర్వాత నీడ ఉండే చోటు వెతకాలి. పడమటి బాల్కనీ తప్ప వేరే చోటు లేనివారు ఎర్రని రకాన్ని ఎంచుకోవడమే ఉచితం.

ప్రదర్శనలో పూలతో ఉన్న మొక్కను జనవరిలో కొంటే, అది వేరు కుదుర్చుకోకముందే రెండు నెలల్లో ఎండ ముదురుతుంది. వానలు తగ్గిన తర్వాత, అక్టోబరు చివర లేదా నవంబరులో కొనడం మంచిది. కొనేటప్పుడు పువ్వును కాక కాండం అడుగుభాగాన్ని చూడాలి. ఊదా గులాబీ సాధారణంగా తన వేళ్ల మీద బతకదు. మొండి జాతి గులాబీ మొదలుకు దీని కన్నును అంటుకడతారు. అంటు కట్టిన చోట ఉబ్బుగా ఒక ముడి కనిపిస్తుంది. ఆ ముడి గట్టిగా, పగుళ్లు లేకుండా ఉండాలి. కుండీలో నాటేటప్పుడు మట్టికి రెండు వేళ్ల ఎత్తున పైన ఉండాలి. 'మొదటి ఏడు ఊదా పూలు పూసింది, తర్వాత రంగు మారిపోయింది' అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది. రంగు మారదు. ముడి కింది నుండి పుట్టిన పిలకలు బలిసి, పై కొమ్మలకు ఆహారం అందకుండా చేస్తాయి. చివరకు ఊదా కొమ్మలు ఎండి, మొదలు జాతి పూలు మాత్రమే మిగులుతాయి. అటువంటి పిలకలు తరచుగా నిటారుగా, వేగంగా, లేత పచ్చని చిన్న ఆకులతో పెరుగుతాయి. ఆకుల లెక్కను నమ్మేకంటే, మట్టిని కాస్త తొలగించి పిలక ఎక్కడ పుట్టిందో చూడడం నిక్కమైన పరీక్ష. ముడికి దిగువన పుట్టినదైతే కత్తిరించక, పుట్టిన చోటనే పీకివేయాలి. కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది.

కుండీ పన్నెండు నుండి పద్నాలుగు అంగుళాల వెడల్పుతో, అడుగున రంధ్రాలతో ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు లేదా ఇంటి తడిచెత్తతో చేసిన కంపోస్టు ఒక పాలు, ఇసుక లేదా కొబ్బరిపొట్టు ఒక పాలు, వాటిలో గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. పూర్తిగా మాగని కంపోస్టు వేళ్లను కాలుస్తుంది. మట్టి వాసన వచ్చేదాకా ఆగాలి.

నీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇది మొక్క ఒక్కదానికే సంబంధించినది కాదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు, తోటలకు తాగునీటిని వాడరాదని బెంగళూరు జలమండలి ఆదేశించి, ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా విధించింది. ఆ వేసవిలో ఎన్నో కుండీలు ఎండాయి. బోరునీరు ఉందిగదా అనుకుంటే, అది చాలాచోట్ల కఠినజలం. ఆ నీటికి ఇనుము మొక్కకు అందక లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఆర్.ఓ. యంత్రం విడిచిపెట్టే నీరు పారబోయడానికి మనసొప్పక కొందరు మొక్కకు పోస్తారు. పొదుపు బుద్ధి మెచ్చదగినదే కాని, వడపోతలో మిగిలిన లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి కాబట్టి గులాబీకి అది తగదు, నేల కడగడానికి వాడుకోవచ్చు. బియ్యం, పప్పులు, కూరగాయలు కడిగిన ఉప్పులేని నీరు, ఏ.సీ. నుండి కారే నీరు, డాబా మీద పట్టిన వాననీరు, ఈ మూడూ ఊదా గులాబీకి శ్రేష్ఠం. వేలు మట్టిలోకి గుచ్చినప్పుడు పైఅంగుళం ఆరి ఉంటేనే నీరు పోయాలి. ఉదయంపూట, ఆకులు తడవకుండా, మొదట్లో పోయాలి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిచితే డెంగీని వ్యాపింపజేసే దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. పళ్లెం తీసివేయడం ఉత్తమం, లేకుంటే వారానికి ఒకసారైనా ఖాళీచేసి రుద్ది కడగాలి.

ఏటా అక్టోబరులో వానలు తెరిపి ఇచ్చాక కొమ్మలు కత్తిరిస్తే సుమారు ఏడెనిమిది వారాలకు పూలు వస్తాయి. ఊదా రకాలను మరీ కురచగా కోయరాదు. ఎండిన, సన్నని, లోపలికి పెరిగిన కొమ్మలను తీసి, మిగిలినవాటిని మూడోవంతు తగ్గిస్తే సరిపోతుంది. వానకాలంలో ఆకులపై నల్లమచ్చలు కనిపిస్తే రాలిన ఆకులను ఏ పూటకా పూట ఏరివేయాలి. మొగ్గల అంచులు గోధుమరంగుకు తిరిగితే తామరపురుగు చేరినట్లు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని సబ్బుచుక్కలు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. కత్తిరించిన ముళ్లకొమ్మలను తడిచెత్త డబ్బాలో వేయకూడదు. ఆ చెత్తను చేతులతో వేరుచేసే పౌరకార్మికుల వేళ్లలో ఆ ముళ్లే దిగుతాయి. తోటవ్యర్థాలను విడిగా ఉంచాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు కూడా చెప్పాయి. కొమ్మలను జానెడు ముక్కలు చేసి, వార్తాపత్రికలో చుట్టి, ముళ్లున్నాయని చెప్పి అందజేయాలి.

పూసిన పువ్వును చెట్టుననే ఉంచాలా, కోయాలా అన్నది ఇంటింటి అభిరుచి. కోయదలిస్తే, బయటి రెండు రేకులు విడివడుతున్నప్పుడు, ఎండ ఎక్కకముందు కోసి, కాడను ఏటవాలుగా కత్తిరించి, గంటసేపు లోతైన నీటిలో ఉంచాలి. మాగిన అరటిపండ్ల పక్కన పెడితే రేకులు త్వరగా రాలుతాయి. పండ్ల నుండి వెలువడే ఇథిలీన్ వాయువు దానికి కారణం. ఈ రంగు పక్కన ముదురు ఎరుపును, పసుపును ఉంచితే వెలవెలబోతుంది. తెల్లని నందివర్ధనం, బూడిదపచ్చని దవనం దీనికి తగిన తోడు. ఒక చిన్న రాగి చెంబులో ఒక్క పువ్వు, రెండు దవనం రెమ్మలు చాలు. కాడ కురచగా ఉన్న పూలను ఇత్తడి పళ్లెంలో నీటిపై తేలించవచ్చు. రాత్రి పసుపు దీపం కింద ఊదా కాస్తా గులాబీ ఛాయకు తిరుగుతుంది, కనుక అతిథులకు చూపదలిస్తే కిటికీ వెలుతురే మంచిది. జడలో తురుముకోవడానికి ఒక్కటే నిండుగా ఉంటుంది. పూజ సంగతి వేరు: వాసన చూసిన పువ్వు దేవునికి పనికిరాదంటారు, ఇంత పరిమళం గల పువ్వును పిల్లలు చూడకుండా దేవుని గది దాకా చేర్చడం అంత తేలిక కాదు.

ఇల్లు మారే కుటుంబాలు మొక్కను వదిలివేయనక్కరలేదు. బయలుదేరే ముందురోజు నీరు పోసి, పూలు, పెద్ద మొగ్గలు తుంచి, కొమ్మలను గోనెపట్టాతో వదులుగా చుట్టి, కుండీ దొర్లకుండా వాహనంలో నిలబెట్టాలి. కొత్త ఇంటిలో మొదటి వారం పలుచని నీడలో ఉంచి, తర్వాత ఉదయపు ఎండకు అలవాటు చేయాలి. కుండీని ఎట్టి పరిస్థితిలోనూ పిట్టగోడ మీద నిలపరాదు. కొన్ని ఆకులు రాలవచ్చు; కాండం గోటితో గీకినప్పుడు లోపల పచ్చగా ఉంటే మూడు వారాలలో చిగురు కనిపిస్తుంది, అప్పటివరకు ఎరువు వేయకూడదు.